తాళాలిచ్చెయ్యమని తొందరపెట్టకండి

సంపాదకులు గారికి నమస్కారం,

ఎక్స్‌జెడ్ అనే ప్రోగ్రాంలో, ఎవరికీ తెలియకుండా కంప్యూటర్లలోకి దూరడానికి దాచిపెట్టిన దొంగదారి గురించి మీ పేపర్లో వచ్చిన వ్యాసం చదివాను. బాగానే రాశారు గానీ మొత్తం ఒక హ్యాకర్ తెలివితేటల కథలా చెప్పి వదిలేశారు, నాకైతే అది ఒక అలిసిపోయిన మనిషి కథ. నేనూ తొమ్మిదేళ్లు ఒక చిన్న ఓపెన్ సోర్స్ లైబ్రరీ (వేరే ప్రోగ్రాముల్లో ఎవరైనా ఊరికే కలిపి వాడుకునే కోడ్) చూసుకుని పోయినేడాదే వేరేవాళ్ల చేతిలో పెట్టాను, అందుకే ఈ ఉత్తరం.

తెలియనివాళ్ల కోసం రెండు ముక్కల్లో చెప్తా. ఎక్స్‌జెడ్ అంటే ఫైళ్లని కుదించే ప్రోగ్రాం, దాదాపు ప్రతి లినక్స్‌లోనూ ఉంటుంది, ఏళ్ల తరబడి దాన్ని ఒక్కాయనే జీతం బత్తెం లేకుండా చూసుకున్నాడు. 2021లో జియా టాన్ అనే పేరుతో ఎవరో ప్యాచ్‌లు, అంటే కోడ్‌లో చిన్న మార్పులు, పంపడం మొదలుపెట్టారు, మంచి ప్యాచ్‌లే. 2022లో ఇంకొన్ని కొత్త పేర్లు ఊడిపడ్డాయి, ప్యాచ్‌లు ఎందుకు కలపట్లేదు, ఇన్ని రోజులా, నీకు ఓపిక లేకపోతే ఇంకొకళ్లకి ఇచ్చెయ్యొచ్చుగా అని ఒకటే వెంటపడటం. ఆయన పాపం ఇది జీతంలేని పని, నా పరిస్థితి కూడా బాలేదు అని అందరి ముందే చెప్పుకున్నా వదల్లేదు. చివరికి జియా టాన్‌కి రిలీజులు, అంటే కొత్త వెర్షన్లు విడుదల, చేసే హక్కు దక్కింది, 2024 ఫిబ్రవరి, మార్చిలో వచ్చిన 5.6.0, 5.6.1 వెర్షన్లలో దొంగదారి ఎక్కింది. ఆండ్రెస్ ఫ్రోయిండ్ అనే ఇంజినీరు తన మెషిన్లో ఎస్ఎస్‌హెచ్ (దూరం నుంచి కంప్యూటర్లోకి వెళ్లే పద్ధతి) లాగిన్ అర సెకను ఎక్కువ ఎందుకు పడుతోందా అని తవ్వితే మార్చి 29న బయటపడింది. అర సెకను! ఆ వెంటపడిన పేర్లు కూడా అదే ముఠావని చాలామంది అనుమానం.

నేను చెప్పాలనుకున్నది ఇక్కడే ఉంది. ఆ వెంటపడ్డ మాటలు చదివినప్పుడు నాకు వింతగా ఏం అనిపించలేదు, ఎందుకంటే అచ్చం అలాంటివే నాకు తొమ్మిదేళ్లు వచ్చాయి, అవి పంపింది దొంగలు కాదు, మామూలుగా నా లైబ్రరీ వాడుకునే మంచివాళ్లే. "ప్రాజెక్ట్ చచ్చిపోయిందా?", "చూసుకోలేకపోతే తప్పుకోండి", ఇలాగ. రాత్రి పదకొండింటికి ఆఫీసు పని అయ్యాక అది చదివితే ఎవడో ఒకడికి ఇచ్చి చేతులు దులుపుకుందాం అనిపిస్తుంది, నిజంగా అనిపిస్తుంది. దొంగలు కొత్తగా కనిపెట్టిందేం లేదు, మనకున్న అలవాటునే వాడుకున్నారు.

అసలు వెంటపడకుండా ఊరికే అడిగి తీసుకున్న కేసూ ఉంది. 2018లో ఎన్‌పీఎంలో (జావాస్క్రిప్ట్ లైబ్రరీలన్నీ పెట్టే చోటు) ఈవెంట్-స్ట్రీమ్ అనే ప్యాకేజీ. రాసినాయన దాన్ని వాడటమే మానేశాడు, ఎవరో మెయిల్ పెట్టి నేను చూసుకుంటా అంటే ఇచ్చేశాడు. తీసుకున్నవాళ్లు అందులోకి ఇంకో చిన్న ప్యాకేజీ తగిలించి, దాని ద్వారా కోపే అనే బిట్‌కాయిన్ వాలెట్ నుంచి డబ్బు కొట్టేసే కోడ్ దూర్చారు. అందరూ ఆయన్ని తిట్టారు, నేను తిట్టలేను. కొన్నేళ్లుగా ఆయనకి సాయం చేస్తానని ఇంకెంతమంది వచ్చారో మరి.

ఇక నా సంగతి. రకరకాలుగా రాసిన తేదీలని ఒకే పద్ధతిలోకి మార్చే లైబ్రరీ నాది. ఇచ్చేద్దాం అనుకున్నాక గానీ తెలియలేదు ఎన్ని తాళాలు నా ఒక్కడి దగ్గరే ఉన్నాయో. రిలీజ్ టోకెన్ పాత లాప్‌టాప్‌లో, రెండో పాస్‌వర్డ్ కోడ్ నా ఫోన్‌కి, డొమైన్ డబ్బులు నా కార్డు మీద, భద్రతా లోపాలు ఎవరైనా చెప్తే వచ్చే మెయిల్‌బాక్స్ నేను ఆర్నెల్లుగా తెరవనిది. రెండు ఆదివారాలు కూర్చుని ఒక కాగితం మీద రాశా. అది సులువు. రాయలేనిది బుర్రలో ఉన్నది.

ఒక్కటి చెప్తా. సంవత్సరం రెండంకెల్లో ఉంటే 69 నుంచి 99 దాకా 1900లు, 00 నుంచి 68 దాకా 2000లు అనుకోవడం పాసిక్స్ అనే ప్రమాణం చెప్పే పద్ధతి. నా కోడ్‌లో ఆ గీత 69 దగ్గర కాదు, 50 దగ్గర ఉంటుంది. కొత్తగా వచ్చినావిడ అది చూసి ఇదేదో తప్పులా ఉందని 69కి సరిచేసింది, టెస్టులన్నీ పాసయ్యాయి, రిలీజ్ వెళ్లింది, తెల్లారేసరికి 1955లో పుట్టినవాళ్లంతా 2055లో పుట్టారు. ఆవిడ తప్పేం లేదు. ఎప్పుడో ఒక యూజర్ పుట్టినతేదీల ఫైల్ పంపి మొత్తుకుంటే నేనే 50 పెట్టాను, ఎందుకు పెట్టానో కామెంట్ లేదు, దానికి టెస్టూ లేదు. నాలిక కరుచుకుని ఇద్దరం కూర్చుని ఆ కోడ్ ఫైల్లో ఉన్న ప్రతి వింత నంబర్‌కీ పక్కన కారణం రాసుకుంటూ పోయాం, వాటిలో మూడు నంబర్లకి కారణం నాకే గుర్తులేదు.

మొత్తం అప్పగించడానికి ఎనిమిది నెలలు పట్టింది. ముందు ఇష్యూలకి (వాడేవాళ్లు రాసే సమస్యలకి) జవాబులు, తర్వాత మెర్జ్ చేసే, అంటే మార్పులు కలిపే, హక్కు, తర్వాత నేను పక్కనుండగా రిలీజ్, పబ్లిష్ హక్కు అన్నిటికన్నా చివర. అదీ ఒక్కళ్లకి కాదు ఇద్దరికి. టైం తీసుకుంటే చాలు అని మాత్రం అనను, జియా టాన్ రెండేళ్లకి పైగా ఓపిగ్గా పనిచేశాడు కదా. ఎక్స్‌జెడ్‌లో దొంగదారిని పనిచేయించే ముక్క రిపోలో (కోడ్ అందరికీ కనిపించే చోట) లేదు, విడిగా తయారుచేసి పెట్టిన రిలీజ్ ఫైల్లోనే ఉంది. అందుకని మేం ఎవరి లాప్‌టాప్ నుంచీ రిలీజ్ చెయ్యం, రిపోలో ఉన్న కోడ్ నుంచే సర్వర్ తయారుచేస్తుంది, రెండోవాళ్లు సరే అంటేనే బయటికి పోతుంది. చేతులు మారుతున్నాయని రీడ్‌మీలో (ప్రాజెక్ట్ పరిచయం ఉండే ఫైల్లో) మొదటి లైన్లోనే పెట్టాం, ఎందుకంటే వాడేవాళ్లు నమ్మింది నన్ను, ఆ ఇద్దర్నీ కాదు.

తొందరగా జరిగి బాగున్నవీ ఉన్నాయి, కాదనను. లినక్స్ మొదలుపెట్టిన లైనస్ టోర్వాల్డ్స్ గిట్‌ని (కోడ్‌లో మార్పుల చరిత్ర దాచే ప్రోగ్రాం) 2005 ఏప్రిల్లో మొదలుపెట్టి జులైకల్లా జూనియో హమానోకి ఇచ్చేశాడు, ఇరవై ఏళ్లయినా ఆయనే చూస్తున్నాడు. కానీ అక్కడ పని అందరి కళ్లముందే జరిగింది, ఎవరి ప్యాచ్ ఎలాంటిదో తెలిసే ఇచ్చాడు, మెయిల్లో తిట్లు భరించలేక కాదు.

ఎవరూ దొరక్కపోతే? మూసెయ్యండి. కోడ్ పెట్టుకునే గిట్‌హబ్ సైట్‌లో ఆర్కైవ్ అని ఒక బటన్ ఉంది, నొక్కితే చదవొచ్చు గానీ మార్చలేరు, కావాల్సినవాళ్లు కాపీ తీసుకుని తమ పేరుతో నడుపుకుంటారు. డెబియన్ అనే లినక్స్‌లో అయితే ప్యాకేజీ చూసుకోలేనివాళ్లు దాన్ని అనాథ అని ప్రకటించే పద్ధతే ఉంది, ఎవరూ చిన్నతనంగా అనుకోరు. మన దగ్గర మాత్రం ఆర్కైవ్ చేస్తే పారిపోయాడంటారు, తెలియనివాడికి ఇస్తే బాధ్యత అంటారు, ఇదేం లెక్కో.

మీ పాఠకుల్లో ఇలాంటి లైబ్రరీలు వాడే ప్రోగ్రామర్లు బోలెడుమంది ఉంటారు. ఈసారి ఎవరైనా ఆలస్యంగా జవాబిస్తే తప్పుకోమని రాసేముందు ఒక పాత ఇష్యూ తెరిచి, ఆ బగ్ ఇంకా వస్తోందో లేదో చూసి ఒక లైన్ రాయండి. నాకు దొరికిన ఆ ఇద్దర్లో ఒకరు సరిగ్గా అలాగే వచ్చారు.

డొమైన్ ఇంకా నా కార్డు మీదే ఉంది, రెన్యువల్ లోపు అదీ మార్చేస్తా.

ఇట్లు,
ఒక మాజీ మెయింటెయినర్