కోడ్ చదివేవారికీ ఆసరా కావాలి

సంపాదకులకు నమస్కారం.

లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్‌కు గుండెకాయ లాంటి కెర్నెల్‌కు ఎవరు ప్యాచ్ (కోడ్‌లో మార్పు) పంపినా, ఆ విభాగం బాధ్యత చూసే మెయింటైనర్ దాన్ని పంక్తి పంక్తి చదివి, తప్పులుంటే తిప్పి పంపి, సరిదిద్దాక తన సంతకపు వరుస చేర్చి పైకి పంపితేనే అది లినక్స్ సృష్టికర్త లైనస్ టోర్వాల్డ్స్ దాకా చేరుతుంది. ఇంతటి కాపలా అన్ని ప్రాజెక్టులకూ లేదు. ఫైళ్లను కుదించే ఎక్స్‌జెడ్ సాఫ్ట్‌వేర్ భారమంతా ఏళ్లుగా దాదాపు ఒక్కరి మీదే ఉండగా, రెండేళ్లకు పైగా మంచి కోడ్ పంపి నమ్మకం సంపాదించిన ఒక మారుపేరు ఖాతా నుంచి 2024లో అందులోకి దొంగదారి (చొరబాటుకు వీలిచ్చే రహస్య కోడ్) వచ్చి చేరింది. లాగిన్‌కు అర సెకను ఎక్కువ ఎందుకు పడుతోందని ఆరా తీసిన ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజనీరు వల్ల ఆ మార్చి నెలలోనే అది బయటపడింది. ఇది నన్ను ఇప్పటికీ కలవరపెడుతోంది. ఇలాంటి ఓపెన్ సోర్స్ (ఎవరైనా చూసి వాడుకోగల కోడ్) మీద వ్యాపారం చేసే సంస్థలు, మన హైదరాబాద్‌లోనివి సహా, తమ ఇంజనీర్ల పనిగంటల్లో కొన్నింటిని కోడ్ సమీక్షకు కేటాయించాలని కోరుతున్నాను.

– ఒక సాఫ్ట్‌వేర్ ఇంజనీరు, హైదరాబాద్