సంధిలో ఉన్న రోగికి కట్లు కాదు, నర్సు కావాలి

సంపాదకుడికి నమస్కారం.

గత వేసవిలో న్యుమోనియాతో ఒక ప్రైవేటు ఆస్పత్రి ఐసీయూలో చేరిన మా నాన్నగారు మూడో రాత్రి, పైకప్పు నిండా చీమలు పాకుతున్నాయనీ, తనను ఎవరో గోదాములో బంధించారనీ కేకలు పెట్టారట. మర్నాడు మేం వెళ్లేసరికి ఆయన రెండు మణికట్లూ మంచం కమ్మీలకు గుడ్డతో కట్టేసి ఉన్నాయి. మన పెద్దలు సంధి ప్రేలాపన అనే ఈ స్థితినే వైద్యులు డెలిరియం అంటున్నారు. ఇది పిచ్చి కాదు. ఇన్ఫెక్షన్, నిద్రలేమి, మిడజోలం వంటి మత్తుమందులు కలిసి మెదడు మీద కొట్టే దెబ్బ.

ఆ రాత్రి నలుగురు రోగులకు ఒక్కరే సిస్టరు. ఒకరికి గొంతులో కఫం లాగుతుండగా పక్క మంచం మీది మనిషి తన గొట్టాలు పీక్కుంటుంటే ఆమె మాత్రం ఏం చేయగలదు? అందుకే కట్టినందుకు నేను ఆమెను తప్పుపట్టను. వెంటిలేటర్ మీదున్న ఒక్కో రోగికి ఒక నర్సు ఉండాలన్న ప్రమాణం మన దేశంలోనూ ఉంది, కాగితాల మీద.

మర్నాడు డ్యూటీకి వచ్చిన మరో సిస్టరు మమ్మల్ని మొదట అడిగింది కళ్లజోడు, చెవి మిషను గురించి. చేరిన రోజే ఉంగరంతో పాటు వాటినీ మూటగట్టి మా చేతికి ఇచ్చేశారు! అవి పెట్టాక ఆమె మంచం దగ్గరికి వచ్చినప్పుడల్లా, "బాబాయిగారూ, ఇది ఆస్పత్రి, ఈరోజు గురువారం, మీ అబ్బాయి బయటే ఉన్నాడు" అని చెప్పేది. పగలు కుర్చీలో కూర్చోబెట్టింది, రాత్రి నెత్తి మీది లైటు తీయించింది. రెండు రోజులకు నాన్నగారు నన్ను పేరు పెట్టి పిలిచారు. ఈ స్థితిలో హాలోపెరిడాల్ వంటి, మానసిక జబ్బులకు వాడే మందులను అందరికీ అలవాటుగా వాడవద్దనీ, ఇలాంటి సేవలే చేయాలనీ 2018లో అమెరికా క్రిటికల్ కేర్ వైద్యుల సంఘం మార్గదర్శకాలు సూచించాయి.

కేకలు పెట్టేవారి సంగతి సరే, కదలక మెదలక పడి ఉండేవారిలోనూ సంధి ఉంటుంది. వారిని 'బుద్ధిగా పడుకున్నాడు' అనుకుని వదిలేస్తారు. దీన్ని పట్టుకోవడానికి 2001 నుంచీ కామ్-ఐసీయూ అనే రెండు నిమిషాల పరీక్ష ఉంది. 'రాయి నీళ్లలో తేలుతుందా?' వంటి ప్రశ్నలతో పాటు, వరసగా ఇంగ్లిషు అక్షరాలు చదువుతూ 'ఎ' వినబడినప్పుడల్లా చేయి నొక్కమంటారు. ఆ అక్షరమే ఎరుగని రైతును తెలుగులోనే పరీక్షించాలి కదా. ఈ పరీక్ష షిఫ్టుకోసారి జరగాలి, అందుకు నర్సులకు శిక్షణా తీరికా ఉండాలి. ఆస్పత్రుల రిజిస్ట్రేషన్ రెన్యువల్ చేసే జిల్లా వైద్యాధికారులు పరికరాల జాబితాతో పాటు ఐసీయూ రాత్రి డ్యూటీ రోస్టరును కూడా తెప్పించుకుని, ఎన్ని మంచాలకు ఎందరు సిస్టర్లు ఉన్నారో లెక్కపెట్టాలని మీ పత్రిక ద్వారా కోరుతున్నాను.

– ఒక పాఠకుడు, హనుమకొండ