మరో హెచ్‌ఐవీ పరీక్షకు రాసివ్వనన్న కౌన్సెలర్ గారికి కృతజ్ఞతలు

హెచ్‌ఐవీ పరీక్షా కేంద్రంలోని కౌన్సెలర్ గారికి, వణుకుతున్న నా చేతిని ఓపికగా పట్టుకుని రక్తం తీసిన టెక్నీషియన్‌కు, ఆ తర్వాత నన్ను చూసిన మానసిక వైద్యుడికి నలుగురి ముందు కృతజ్ఞతలు చెప్పుకోవాలని ఇది రాస్తున్నాను. పేర్లు రాయను. చదివితే వాళ్లకే తెలుస్తుంది.

కండోమ్ వాడాం. చిరగలేదు, జారలేదు. అయినా హెచ్‌ఐవీ భయం పట్టుకుంది. మెడ కింద గ్రంథులు తడుముకోవడం, గొంతు కాస్త నొప్పెడితే అదేనని వణకడం, తెల్లవార్లూ లక్షణాల గురించి చదవడం. కౌన్సెలర్ గారు అంతా విన్నారు. ఎవరితో, ఎందుకు అని ఆరా తీయలేదు. కండోమ్ మొదటి నుంచి చివరి దాకా ఉందా అని మాత్రం అడిగారు.

ఊరికే ‘ఏం కాదులెండి’ అని పంపేసి ఉంటే గుమ్మం దాటకముందే భయం మళ్లీ మొదలయ్యేది. ఆమె కారణాలు చెప్పారు. కండోమ్‌లోని లేటెక్స్ రబ్బరు చిరగకుంటే దాన్ని దాటి వైరస్ రాదు. చెమటతో, కౌగిలింతతో సోకదు. జ్వరం, దద్దుర్లు ఎన్నో జబ్బుల్లో వస్తాయి కాబట్టి వాటిని బట్టి ఏదీ తేల్చలేం. కండోమ్ చిరిగి ఉంటే 72 గంటల్లోపు నివారణ మందులు మొదలుపెట్టి 28 రోజులు వాడాల్సి వచ్చేదట. నాకు ఆ అవసరం లేదన్నారు.

పరీక్ష గడువు సంగతీ అప్పుడే అర్థమైంది. యాంటీబాడీలతో (వైరస్‌ను ఎదుర్కోవడానికి ఒంట్లో తయారయ్యేవి) పాటు పీ24 యాంటీజెన్‌ను (వైరస్‌లోనే ఉండే ఒక ప్రోటీన్) కూడా పట్టే పరీక్షను, రక్తనాళం నుంచి తీసిన రక్తంతో ల్యాబ్‌లో చేస్తే, కలయిక జరిగి 45 రోజులు దాటాక వచ్చిన నెగటివ్‌ను నమ్మవచ్చు. యాంటీబాడీలను మాత్రమే చూసే పరీక్షకైతే 90 రోజులు ఆగాలి. నాకు మొదటి రకం పరీక్ష, అదీ గడువు దాటాకే చేశారు. నెగటివ్.

ఆ ఊరట ఎంతోసేపు నిలవలేదు. శాంపిల్ తారుమారైందేమో! మళ్లీ వెళ్తే మరో పరీక్షకు రాసివ్వనన్నారు కౌన్సెలర్ గారు. “ఇంకో కాగితం ఇస్తే రెండు రాత్రులు నిద్రపోతారు, తర్వాత మరొకటి అడుగుతారు. వైద్యం కావాల్సింది మీ భయానికి.” నిజం చెప్పాలంటే ఆ క్షణాన నాకు మహా కోపం వచ్చింది. ఆమె మాత్రం కోప్పడకుండా మానసిక వైద్యుడి దగ్గరకు పంపారు. మెడ తడుముకోవాలనిపిస్తే కాసేపు ఆగడం, లక్షణాల కోసం వెతకకపోవడం, ‘నూటికి నూరు పాళ్లూ ఖాయమా’ అని అడగకుండా ఉండటం ఆయన దగ్గర సాధన చేశాను. వినడానికి సులువే, చేసేటప్పుడే ప్రాణం మీదికి వచ్చేది.

అనుమానం ఇప్పటికీ అప్పుడప్పుడు వస్తుంది, కాసేపుండి పోతుంది. అవసరమైనప్పుడు చేయించుకోవాల్సిన మామూలు పరీక్షలు మాత్రం మానను. అది వేరు, ఇది వేరు అని చెప్పింది కూడా కౌన్సెలర్ గారే.