రన్‌వే దీపాలతో రాత్రి ప్రయాణం రాదు

సంపాదకుడు గారికి,

అయ్యా,

ఒడిశాలోని మన జయపురం రన్‌వేకి దీపాలు పెడితే చిన్న విమానాలు రాత్రిళ్లు కూడా దిగుతాయి కదా, కనీసం రోగుల కోసమైనా, అనేవారు మన వైపు ఉన్నారు. దిగడం తర్వాతి మాట, ముందు రన్‌వే దాకా రావాలి.

విమానంలో ఎత్తు కొలిచే ఆల్టీమీటర్ ముల్లు సముద్రమట్టం నుంచి ఎత్తు చూపిస్తుంది, కింది నేల నుంచి కాదు. జయపురం నేల సుమారు 2,000 అడుగులు, ఘాటీ ఎక్కితే కొరాపుట్ 2,850. ముల్లు 3,000 దగ్గరుంటే జయపురం మీద వెయ్యి అడుగుల ఖాళీ ఉంటుంది. ముల్లు అక్కడే ఉండగా కొరాపుట్ మీదికొస్తే మిగిలేది 150. ఒక సెల్ టవర్ చాలు. ఆ ముల్లు గాలి పీడనాన్ని బట్టే ఎత్తు చెబుతుంది కాబట్టి, అందులో పీడనం 10 హెక్టోపాస్కల్ (పీడనం కొలత) ఎక్కువగా పెట్టుకుంటే ఇంకో 280 అడుగులు పోతాయి, అంటే నేలలోకే.

పగలైతే కొండ కనిపిస్తుంది. రాత్రి 90 నాట్ల (గంటకు సుమారు 167 కిలోమీటర్ల) వేగంలో, ముందు దీపం 300 మీటర్లు చూపినా, చేతిలో ఉండేది ఆరేడు సెకన్లు. కరెంటు తీగలు పగలే సరిగా కనపడవు, స్తంభాలను బట్టి పోల్చుకోవాలి. చీకట్లో అవీ కనపడవు.

కళ్లూ మోసం చేస్తాయి. చుట్టూ అడవి చీకటి, ఎదురుగా రన్‌వే దీపాలు మాత్రమే ఉంటే విమానం ఉన్నదానికన్నా ఎత్తున ఉన్నట్టు తోచి పైలట్ ఇంకా దించేస్తాడు. ఎండాకాలంలో కొండ మీది పోడు మంటలు ఆకాశంలో చుక్కల్లా కనపడతాయి. దూరాన ఊరి దీపాలు ఒక్కొక్కటే మాయమవుతుంటే మధ్యలో కొండ అడ్డొస్తున్నట్టే, వెంటనే పైకి లేపాలి. ఉన్న ఒక్క ఇంజనూ నేలకు 500 అడుగుల ఎత్తున ఆగిపోతే నేల చేరడానికి ముప్పావు నిమిషం కూడా ఉండదు. కింద ఉన్నది పొలమో చెరువో తెలియదు.

కంటిచూపుతో నడిపే విమానాలకు సూర్యాస్తమయం తర్వాత 20 నిమిషాలతో గడువు ముగుస్తుందన్న నిబంధన ఊరికే పెట్టలేదు. పరికరాల మీద నడిపితే కొండ ప్రాంతంలో 8 కిలోమీటర్ల లోపలి ఎత్తైన అడ్డంకికి 2,000 అడుగులు పైన ఉండాలి. మన జిల్లాలోని దేవమాలి కొండ 1,672 మీటర్లు కాబట్టి ఆ పక్కన 7,500 అడుగులకు తగ్గకూడదు. అక్కడి నుంచి జయపురానికి దిగే దారిని సర్వే చేసి, ఎగిరి పరీక్షించి ఖరారు చేయాలి.

45 మీటర్లు దాటిన ప్రతి టవర్‌కూ బ్యాటరీతో నడిచే ఎర్రదీపం ఉందో లేదో జిల్లా అధికారులు ముందు లెక్క తీయాలి. కరెంటు పోగానే ఆరే దీపం వల్ల లాభం లేదు. ఈలోగా రాత్రి రోగిని రోడ్డు మీదే పంపి, రోడ్డు ప్రయాణం తట్టుకోలేని వారికి తెల్లవారగానే లేచేలా విమానం సిద్ధంగా ఉంచితే మేలు.

— ఒక పాఠకుడు, జయపురం, కొరాపుట్ జిల్లా