హెచ్ఎస్-సీఆర్‌పీ పరీక్షకు ముందు ఒక్క ప్రశ్న అడగరా?

సంపాదకులకు నమస్కారం.

ఆరోగ్య పరీక్షల ప్యాకేజీల్లో ఈమధ్య హెచ్ఎస్-సీఆర్‌పీ, అంటే రక్తంలో సి-రియాక్టివ్ ప్రోటీన్ (సీఆర్‌పీ) ఎంతుందో కొలిచే పరీక్ష కూడా చేరుతోంది. గత నెల మా నాన్నగారి రిపోర్టులో ఆ అంకె 14 అనీ, పక్కనే ‘హృద్రోగ ముప్పు అధికం’ అనీ కనిపించేసరికి ఇంటిల్లిపాదికీ రెండు రోజులు అన్నం సయించలేదు. రక్తం ఇచ్చిన రోజున ఆయన చిగురు వాచి, దవడ పట్టుకుని కూర్చున్నారు. ఆ సంగతి పరీక్షా కేంద్రంలో ఎవరూ అడగలేదు, మాకూ చెప్పాలని తోచలేదు. మూడు వారాల తరువాత మళ్లీ చేయిస్తే 1.8 వచ్చింది.

ఒంట్లో ఎక్కడ వాపు పుట్టినా కాలేయం ఈ ప్రోటీన్‌ను ఎక్కువగా తయారుచేస్తుంది. వాపు చిగురులోనా, రక్తనాళంలోనా అన్నది పరీక్ష చెప్పదు. లీటరుకు 1 మిల్లీగ్రాము లోపు ఉంటే ముప్పు తక్కువని, 3 దాటితే ఎక్కువని లెక్క. 10 దాటితే మాత్రం ముందుగా ఇన్‌ఫెక్షన్‌ను అనుమానించి, అది తగ్గాక తిరిగి చూడాలి.

అలాగని పరీక్ష దండగ అనను. 2008లో వెలువడిన జూపిటర్ అధ్యయనంలో, చెడు కొలెస్ట్రాల్ 130 లోపే ఉన్నా సీఆర్‌పీ 2 లేదా అంతకు మించి ఉన్న 17,802 మందిని పరిశీలించగా, కొలెస్ట్రాల్ తగ్గించే రోసువాస్టాటిన్ మందు వాడినవారిలో గుండెపోటు, పక్షవాతం వంటి ప్రమాదాలు ఉత్తుత్తి మాత్ర వాడినవారికంటే 44 శాతం తక్కువగా కనిపించాయి.

‘జ్వరం, పంటినొప్పి, గాయం ఉంటే తగ్గాక రండి’ అన్న వాక్యాన్ని రక్తం తీసే గదిలో తెలుగులో అతికించాలని పరీక్షా కేంద్రాలను కోరుతున్నాను.

– ఒక పాఠకుడు, గుంటూరు