ఐసీయూకి డబ్బిస్తారు, ఇంట్లో ఆక్సిజన్ మెషీన్‌కి ఇవ్వరు

సంపాదకులకు నమస్కారం.

అమ్మానాన్నల పేరు మీద ఆరోగ్య బీమా కట్టుకుంటున్న ఇళ్ళు ఇప్పుడు మన విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల్లో చాలానే ఉన్నాయి. ఆసుపత్రిలో మంచం మీద ఉన్నంతసేపు ఆ బీమా పనిచేస్తుంది. ఇంటికి పంపేటప్పుడు డాక్టరు ఫలానా మెషీన్ ఇంట్లో పెట్టుకోవాలి, లేకపోతే ప్రాణానికి ప్రమాదం అని రాసిస్తే మాత్రం దానికి పైసా రాదు. పాలసీ అమ్మేటప్పుడు ఈ సంగతి ఎవరూ చెప్పరు. మెషీన్ కొని, బిల్లు పెట్టి, అది తిరిగొచ్చాకే తెలుస్తుంది. మాకూ అలాగే తెలిసింది కాబట్టి కొంచెం వివరంగా రాస్తున్నాను, పొడుగైనా దయచేసి కుదించకుండా వేయండి.

మా అమ్మకి 72 ఏళ్ళు. చీపురుపల్లి దగ్గర పల్లె. కాపరానికి వచ్చిన దగ్గర్నుంచి ఇంట్లోకి గ్యాసు వచ్చేదాకా కట్టెలు, పిడకలు, సరుగుడు పుల్లలతోనే వంట, అదీ కిటికీ లేని వంటింట్లో. ఆ పొగకే ఊపిరితిత్తులు పాడయ్యాయని, దీన్ని సీఓపీడీ అంటారని డాక్టర్లు చెప్పారు. మా వైపు పల్లెల్లో ఆడవాళ్ళు అడ్డపొగ (చుట్ట వెలిగిన కొస నోట్లో పెట్టుకుని) తాగడం ఉంది కాబట్టి ఆసుపత్రిలో మొదట అదే అడిగారు. మా అమ్మ జన్మలో చుట్ట ముట్టలేదు. ఆసుపత్రిలో ఆ మాట నోటితో చెబితే సరిపోయింది గానీ, బీమా క్లెయిములు చూసే టీపీఏ వాళ్ళకి డాక్టరు చేత రాయించి, స్టాంపు వేయించి పంపాల్సి వచ్చింది. పొగతాగే అలవాటు లేని ఆడవాళ్ళకి పొయ్యి పొగ వల్ల ఈ జబ్బు రావడం ఇవాళ కొత్తగా కనిపెట్టిన విషయమేమీ కాదు, అయినా అనుమానం మాత్రం ముందు మా అమ్మ మీదే పెట్టారు. అది నాకు చాలా బాధ కలిగించింది.

నెలగంట పెట్టాక చలి ముదిరిన రోజుల్లో అమ్మకి ఒక రాత్రి ఊపిరి అందలేదు. విజయనగరం తీసుకెళ్తే అక్కడ్నుంచి విశాఖపట్నం పంపించారు, ఐసీయూలో పెట్టారు, మాస్కుతో గాలి పంపే బైపాప్ మీద ఉంచారు, దేవుడి దయ వల్ల కోలుకుంది. ఇక్కడిదాకా బీమా కంపెనీని నేనేమీ అనను. క్యాష్‌లెస్ (ఆసుపత్రి బిల్లు కంపెనీయే నేరుగా కట్టడం) ఒప్పుకున్నారు. 2024 మే నెలలో బీమా కంపెనీలని నియంత్రించే ఐఆర్‌డీఏఐ ఇచ్చిన మాస్టర్ సర్క్యులర్ ప్రకారం క్యాష్‌లెస్ అడిగిన గంటలోపు, డిశ్చార్జ్ బిల్లు పంపిన మూడు గంటల్లోపు కంపెనీ జవాబు చెప్పాలి, మా విషయంలో ఇంచుమించు అలాగే జరిగింది. మా పాలసీలో 20 శాతం మేమే భరించాలన్న షరతుంది, అది కట్టాం. గ్లౌజులు, ఆక్సిజన్ మాస్కు, నెబ్యులైజేషన్ కిట్ అంటూ మరికొంత కోసేశారు, అదీ కట్టాం.

డిశ్చార్జ్ సమ్మరీలో డాక్టరు స్పష్టంగా రాశారు: ఇంట్లో రోజుకు కనీసం 16 గంటలు ఆక్సిజన్, రాత్రిపూట బైపాప్. ఆక్సిజన్ లేకుండా కూర్చుంటే అమ్మ సాచురేషన్ (రక్తంలో ఆక్సిజన్ శాతం) 84 దగ్గర ఉంటోంది. 88 గానీ అంతకన్నా తక్కువ గానీ స్థిరంగా ఉండిపోతే ఇంట్లో ఎక్కువ గంటలు ఆక్సిజన్ పెట్టాలని వైద్యులు చెబుతారు. రోజుకు పదిహేను గంటలకు మించి పెట్టినవాళ్ళు ఎక్కువ కాలం బతుకుతున్నారని 1980, 1981లోనే అమెరికా, బ్రిటన్ డాక్టర్ల పరిశోధనల్లో తేలిందట. ఆ పెద్ద డాక్టరు మాకు ఓపిగ్గా కూర్చోబెట్టి ఇదంతా చెప్పారు. సిలిండర్లు పల్లెకి మోయించడం కుదరదు, గాల్లోంచే ఆక్సిజన్ తీసే కాన్సంట్రేటర్ కొనుక్కోండి అన్నారు. అయిదు లీటర్ల మెషీన్ యాభై వేల దాకా అయింది. బైపాప్ వేరే. తమ్ముడు చెన్నైలో పనిచేసే చోట అడ్వాన్సు తీసుకున్నాడు, నేను చీటీ పాట పాడాను.

మా పాలసీలో డిశ్చార్జ్ అయ్యాక 60 రోజుల వరకు ఖర్చులు ఇస్తామని ఉంది. మందులు, టెస్టులతో పాటు ఈ మెషీన్ల బిల్లులు కూడా పెట్టాం. మందులకి ఇచ్చారు. మెషీన్లకి లేదన్నారు. ఫోన్‌లో ఒకమ్మాయి "ఇంట్లో వాడేదానికి రాదు మేడమ్" అంది. మెయిల్‌లో వచ్చిన మొదటి జవాబులో వైద్యపరంగా అవసరం కనబడలేదు అని రాశారు. ఐసీయూ అవసరమేనని తామే ఒప్పుకుని డబ్బు కట్టిన మనిషికి, ఆ ఐసీయూ డాక్టరే రాసిన ఆక్సిజన్ అవసరం లేదని, ఆమె మొహం ఎన్నడూ చూడని మనిషి ఎలా రాస్తాడు? రక్తంలో ఆక్సిజన్ ఎంతుందో ధమనిలోంచి రక్తం తీసి చూసిన ఏబీజీ రిపోర్టు వాళ్ళ ఫైల్లోనే ఉంది. అదే మాట కంపెనీ ఫిర్యాదుల అధికారికి రాశాను. అప్పుడు ఆ కారణం వదిలేసి ఇంకో కారణం చూపించారు, పాలసీ బాండులో మినహాయింపుల పేజీ.

ఆ పేజీ చదివాక నాకు విషయం అర్థమైంది. శరీరం బయట వాడే, ఎక్కువ కాలం మన్నే వైద్య పరికరాలు ఏవైనా సరే ఇవ్వరట. సీపాప్, సీఏపీడీ, ఇన్‌ఫ్యూజన్ పంపు, ఆక్సిజన్ కాన్సంట్రేటర్, వాకర్, చంకకర్రలు, బెల్టులు, షుగరు వాళ్ళ చెప్పులు అన్నీ వరసగా ఉన్నాయి. వెనకాల ఇంకో జాబితా, 68 వస్తువులు. టీవీ చార్జీలు, ఫోన్ చార్జీలు, లాండ్రీ ఉన్న ఆ జాబితాలోనే ఆసుపత్రి బయట వాడే ఆక్సిజన్ సిలిండర్ కూడా ఉంది. టీవీ చూడకపోతే మనిషికి ఏమీ కాదు. ఆక్సిజన్‌ని దాని పక్కన ఎలా రాయగలిగారో నాకు ఇప్పటికీ అర్థం కాదు. పోనీ ఇంట్లో వైద్యం అనే ఇంకో సౌకర్యం పాలసీలో ఉంది కదా అని చూస్తే, దాని కింద ఆస్తమా, బ్రాంకైటిస్ వంటి ఊపిరి జబ్బులకి వర్తించదని రాసుంది. చాలా పాలసీల్లో ఇంతేనని తర్వాత వేరేవాళ్ళ బాండులు చూస్తే తెలిసింది.

ఆ జాబితాలో సీఏపీడీ అన్న మాట దగ్గర శ్రీకాకుళం వాళ్ళు ఒకసారి ఆగాలి. సీఏపీడీ అంటే ఆసుపత్రికి వెళ్ళకుండా కడుపులోకి ద్రవం ఎక్కించి ఇంట్లోనే చేసుకునే డయాలసిస్. ఉద్దానంలో కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు మండలాల్లో కిడ్నీ జబ్బు ఎన్ని ఇళ్ళు ఖాళీ చేసిందో అందరికీ తెలుసు. పలాసలో 2023 డిసెంబరులో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి పెట్టారు, డయాలసిస్ కేంద్రాలు పెట్టారు, పింఛను ఇస్తున్నారు, అవన్నీ సర్కారు డబ్బుతో నడుస్తున్నాయి. సొంత డబ్బుతో ప్రీమియం కట్టుకున్న ఉద్దానం ఇంటికి మాత్రం ఇలాంటి బాండు ఉంటే, ఇంట్లో చేసుకునే డయాలసిస్ సామాను దగ్గరికి వచ్చేసరికి ఆ కాగితం పనికిరాదు.

కంపెనీ వాళ్ళకి నేను చెప్పేది ఒకటే. ఆక్సిజన్ మెషీన్ ఇంట్లో లేకపోతే మా అమ్మ ప్రతి చలికాలం మళ్ళీ ఐసీయూకి వెళ్తుంది, ఆ బిల్లు కట్టాల్సింది మీరే. అమ్మ బిల్లులో ఒక్క ఐసీయూ పద్దు చూసినా మెషీన్ ధర కన్నా ఎక్కువే ఉంది. పంటకి నీళ్ళివ్వం, ఎండిపోయాక నష్టపరిహారం ఇస్తాం అన్నట్టుంది ఈ పద్ధతి. దీనివల్ల మనిషి నలిగిపోతాడు, కంపెనీకీ ఖర్చు ఎక్కువే. దయచేసి ఎవరైనా లెక్క వేసి చూడండి.

మెషీన్ కొనడంతో ఖర్చు అయిపోదు. అయిదు లీటర్ల కాన్సంట్రేటర్ సుమారు 350 వాట్లు తీసుకుంటుంది, 16 గంటలు నడిస్తే రోజుకు అయిదారు యూనిట్లు, నెల తిరిగేసరికి మామూలు పల్లె ఇంటి కరెంటు వాడకానికి రెట్టింపు దాటుతుంది. దాంతో పై స్లాబులోకి వెళ్ళిపోతాం. కరెంటు పోతే మెషీన్ ఆగిపోతుంది కాబట్టి పక్కన ఒక సిలిండర్ ఉంచుకోవాలి. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను వచ్చినప్పుడు శ్రీకాకుళం జిల్లాలో ఎన్నో ఊళ్ళు రోజుల తరబడి చీకట్లో ఉన్నాయి. అలాంటి పరిస్థితి మళ్ళీ వస్తే ఏం చేయాలన్న టెన్షన్ మాకు వానాకాలమంతా ఉంటుంది. ఇంట్లో ప్రాణాధార మెషీన్ ఉన్నవాళ్ళ పేర్లు లైన్‌మన్ దగ్గర, సచివాలయంలో రాసి పెట్టుకుని, కోతకి ముందు ఒక ఫోన్ చేస్తే ఎంతో మేలు. దీనికి పెద్ద బడ్జెట్ కూడా అక్కర్లేదు.

ఇప్పటికే క్లెయిమ్ తిరిగొచ్చినవాళ్ళకి ఒక మాట. ఫోన్‌లో చెప్పిన జవాబుతో ఊరుకోకండి, రాతపూర్వకంగా అడగండి, ఏ నిబంధన కింద కాదన్నారో నంబరుతో సహా రాయమనండి. అలా రాయాల్సిందేనని ఆ 2024 సర్క్యులర్‌లోనే ఉంది, పైగా క్లెయిముల సమీక్ష కమిటీ చూడకుండా తిరస్కరించకూడదని కూడా ఉంది. ముందు కంపెనీ ఫిర్యాదుల విభాగానికి రాయాలి. 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చింది నచ్చకపోయినా హైదరాబాద్‌లోని ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్‌కి వెళ్ళొచ్చు, మన రాష్ట్రం ఆ ఆఫీసు కిందికే వస్తుంది. ఏడాదిలోపు వెళ్ళాలి, ఫీజు లేదు, లాయరు అక్కర్లేదు, 50 లక్షల వరకు తీర్పు చెప్పే అధికారం వాళ్ళకుంది. ఐఆర్‌డీఏఐ వాళ్ళ బీమా భరోసా ఫిర్యాదుల నంబరు 155255. కారణం తప్పుగా రాసి కాదన్న కేసుల్లో ఈ దారి పనికొస్తుంది. మా అమ్మకి అవసరం లేదన్న మాట వాళ్ళు వెనక్కి తీసుకున్నది రాతలో నిలదీసినందుకే.

అయితే బాండులోనే ఇవ్వం అని రాసుంటే అంబుడ్స్‌మన్ మాత్రం ఏం చేస్తారు, ఉన్న రాతని బట్టే కదా చెప్పాలి. కాబట్టి మారాల్సింది ఆ రాత. కొన్ని కంపెనీలు అదనపు ప్రీమియం తీసుకుని రైడర్ పేరుతో ఇలాంటివి ఇస్తున్నాయి, కానీ ఏజెంట్లు ఎక్కువగా అమ్మే కన్స్యూమబుల్స్ (గ్లౌజులు, మాస్కుల్లాంటివి) రైడర్ తరచుగా ఆసుపత్రిలో వాడిన సామానుకే పనిచేస్తుంది, ఇంటి మెషీన్‌కి కాదు. తీసుకునేముందు ఈ ఒక్క ప్రశ్న అడగండి. 2024లో ఐఆర్‌డీఏఐ పాలసీకి ముందే ఉన్న జబ్బుల నిరీక్షణ కాలం గరిష్ఠంగా మూడేళ్ళకు తగ్గించింది, 65 దాటినవాళ్ళకీ పాలసీ అమ్మేలా దారి తెరిచింది, 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత ఆరోగ్య పాలసీల మీద జీఎస్టీ తీసేశారు. ఇవన్నీ మంచి పనులే, మాకూ ప్రీమియంలో కొంత కలిసొచ్చింది. ఇన్ని చేసినవాళ్ళు, ఆసుపత్రిలో చేరి బయటికొచ్చిన రోగికి నిపుణుడైన డాక్టరు రిపోర్టులతో సహా రాసిచ్చిన ఆక్సిజన్, బైపాప్, సీఏపీడీ పరికరాలకి ఒక పరిమితి వరకైనా ప్రతి పాలసీలో ఇవ్వాలని ఎందుకు చెప్పలేరు? పూర్తి ధర ఇవ్వకపోయినా నెలవారీ అద్దె ఇచ్చినా చాలు. మన రెండు జిల్లాల ఎంపీలు ఈ ప్రశ్న పార్లమెంటులో అడగాలని కోరుతున్నాను.

బీమా లేనివాళ్ళ సంగతి ఇంకా కష్టం. కేంద్రం 2017లో నెల్లూరులో మొదలుపెట్టిన వయోశ్రీ పథకంలో పేద వృద్ధులకి చేతికర్ర, వాకర్, వీల్‌చైర్, వినికిడి మెషీన్, కట్టుడు పళ్ళు, కళ్ళజోడు ఇస్తారు. ఆక్సిజన్ మెషీన్ అందులో లేదు. 2021లో కోవిడ్ రెండో వేవ్ అప్పుడు దేశమంతా కాన్సంట్రేటర్లు కొన్నారు, పీఎం కేర్స్ నుంచి లక్ష కొనడానికి అనుమతిచ్చారు, దాతలూ ఇచ్చారు. మన పీహెచ్‌సీల్లో, ఏరియా ఆసుపత్రుల్లో, విజయనగరం, శ్రీకాకుళం సర్వజన ఆసుపత్రుల్లో అవి ఎన్ని ఉన్నాయో, ఎన్ని పనిచేస్తున్నాయో కలెక్టర్లు ఒక లెక్క తీయించి, ఆసుపత్రి అవసరానికి మించినవాటిని బాగుచేయించి, ఇలాంటి రోగులకి డిపాజిట్ తీసుకుని వాడుకోడానికి ఇవ్వాలి. కోలుకున్నవాళ్ళో, ఇక అవసరం లేనివాళ్ళో తిరిగి ఇచ్చేస్తారు.

మాకు వచ్చిన రిజెక్షన్ లెటర్, పాలసీ బాండులో ఆ మినహాయింపుల పేజీ కాపీలు ఈ ఉత్తరంతో జత చేస్తున్నాను. కంపెనీ పేరు, మా అమ్మ పేరు వేయకండి. ఆ నిబంధన ఉన్నదున్నట్టు తెలుగులో వేయండి, చదివినవాళ్ళు తమ బాండులో అది ఉందో లేదో ఇప్పుడే చూసుకుంటారు.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
చీపురుపల్లి, విజయనగరం జిల్లా