ముందు బాకీ ఎంతో రాసుకో

ప్రియమైన తమ్ముడికి,

ప్రభువు నామంలో వందనాలు. నిన్ను నొప్పించిన మనిషిని క్షమించానని ప్రార్థన చేసినా, అతనన్న మాటలు గుర్తొస్తే కడుపు రగిలిపోతోందన్నావు. ఇంత దూరం నుంచి ఫోన్లో చెబితే సగమే అందుతుందని రాస్తున్నాను.

"పోనీలే, ఏం కాలేదులే" అనుకోవడం క్షమించడం కాదురా. మత్తయి సువార్త 18లో ప్రభువు దాన్ని అప్పుతో పోల్చాడు: రాజు ఒక దాసుడి అప్పంతా కొట్టేస్తే, ఆ దాసుడు తన తోటి దాసుడి బాకీ మాత్రం వదల్లేదు. ఎంతో తెలియని అప్పును ఎలా కొట్టేస్తాం? కాగితం తీసుకుని ఆ మనిషి ఏమన్నాడో, దానివల్ల నీకేం పోయిందో, పేరో నిద్రో నమ్మకమో, విడివిడిగా రాయి. "నన్ను బాధపెట్టాడు" అని ఒక్క ముక్కలో తేల్చేస్తే, రాయని బాకీలు తర్వాత ఒక్కొక్కటే పైకొస్తాయి. రాశాక ఒక్కో వరుస మీద వేలు పెట్టి, "ప్రభువా, దీన్ని నేనిక వసూలు చేయను" అని పైకి చెప్పు. వసూలంటే పదిమందిలో ఎత్తిపొడవడం, ఎదురైతే మొహం తిప్పుకోవడం, వాళ్లకు కీడు జరిగితే లోలోపల సంబరపడడం. ఆ తర్వాత కాగితం చింపెయ్.

ఆ ఉపమానంలో అంకెలు చూశావా? దేనారం ఒక రోజు కూలి. తోటి దాసుడి బాకీ నూరు దేనారాలు, అంటే మూడు నెలల పైచిలుకు కష్టం. నీ గాయం చిన్నదని ప్రభువు అనలేదు. కానీ రాజు కొట్టేసింది పదివేల తలాంతులు. తలాంతుకు సుమారు 6,000 దేనారాలు, మొత్తం ఆరు కోట్ల రోజుల కూలి!

మళ్లీ గుర్తొచ్చిందంటే క్షమించలేదని కాదు. ఎన్నిసార్లు క్షమించాలంటే ప్రభువు చెప్పిన "డెబ్బది ఏళ్ల మారులు", అంటే డెబ్బై ఏడుల సార్లు, అన్నది ఒక్క తప్పుకే పనికొస్తుందని నా నమ్మకం. గుర్తొచ్చినప్పుడల్లా అదే మాట చెప్పి, ఆ మనిషి పేరు పెట్టి మేలు కోరుతూ ప్రార్థించు. మొదట్లో పెదవుల మీదే ఉంటుంది, కానివ్వు.

కలిసిపోవడం మాత్రం వేరే సంగతి. "శక్యమైతే" అందరితో సమాధానంగా ఉండమని రోమా 12:18లో ఉంది. యోసేపు తనను అమ్మేసిన అన్నలకు ధాన్యం ఇచ్చాడు, చాటుకు వెళ్లి ఏడ్చాడు, కానీ తానెవరో వెంటనే చెప్పలేదు. తమ్ముడు బెన్యామీనుకు బదులు నేను దాసుడిగా ఉంటానని ఆ అన్నల్లో ఒకడైన యూదా ముందుకొచ్చాకే చెప్పాడు. నువ్వూ ఆగవచ్చు. మాట్లాడాలనిపిస్తే ముందు ఒంటరిగానే వెళ్లు, నలుగురిని వెంటేసుకుని కాదు. చేయి చేసుకునే మనిషైతే మాత్రం ఒంటరిగా అసలే వెళ్లకు.

కాగితం ఒక్కరోజులో అవ్వకపోతే రెండు రోజులు తీసుకో. ఫొటో తీసి నాకు పంపకు, అది నీకూ దేవునికీ మధ్యే ఉండనీ.

ప్రేమతో,
అక్క